నక్షత్రనౌకలో పాట, మా సంఘంలో తీర్మానం

"మన నాటకాల్లో పద్యాల గోల తగ్గించడానికి తాతల కాలం నుంచి కష్టపడితిమప్పా! నువ్వేమో ఆకాశంలో మళ్ళీ మొదలుపెట్టినారని సంతోషపడతా ఉండావు!"

కిందటి నెల బళ్ళారిలో మా తెలుగు సంఘం నెలవారీ సమావేశంలో ఒక పెద్దాయన నన్నుద్దేశించి అన్న మాట ఇది. అందరూ నవ్వారు. వారితోపాటు నేనూ నవ్వాను. ఒక అమెరికా టి.వి. ధారావాహికలో పాత్రలన్నీ పాటలు పాడే భాగం ఒకటి చూసి, దాని గురించి పది నిమిషాలు మాట్లాడిన పాపానికి నాకు దక్కిన బహుమానం అది. అంతటితో అయిపోయి ఉంటే ఈ వ్యాసం రాయవలసిన అవసరం ఉండేది కాదు.

నవ్వులు ఆగిన తరువాత కార్యదర్శి గారు ఎజెండాలో తరువాతి అంశం చదివారు. వచ్చే ఉగాదికి పిల్లల పాటల పోటీలో తెలుగు చదవను, రాయను వచ్చిన వారికే ప్రవేశం అన్నది తీర్మానం. కారణం కూడా చెప్పారు. కిందటి సంవత్సరం చాలామంది పిల్లలు పాటను కన్నడ అక్షరాల్లో రాసుకొచ్చి, ఆ కాగితం చూసి పాడారట. "కన్నడ అక్షరాలు చూసి పాడేది తెలుగు పాట ఎట్లవుతుంది?" అన్నారు. ఎవరూ మాట్లాడలేదు. నేనూ మాట్లాడలేదు. తీర్మానం ఏకగ్రీవమని మినిట్స్ పుస్తకంలో రాశారు. కోశాధికారిగా నేను సంతకం చేశాను.

ఇంటికి వచ్చాక నాకు తోచిందేమిటంటే, ఆ నవ్వూ ఈ తీర్మానమూ రెండు వేరు వేరు విషయాలు కావు, ఒకటే. పాట అంటే అసలు సరుకు కాదు, పైన కట్టిన రంగు కాగితం మాత్రమే అనే అభిప్రాయం రెండింటికీ మూలం. ఆ అభిప్రాయం తప్పని చెప్పడమే నా ఉద్దేశం. నేను సాహిత్యం చదివినవాణ్ణి కాను, శాస్త్రం చదివినవాణ్ణి అంతకంటే కాను. బి.కాం. చదివి ముప్పై ఏళ్ళుగా బ్యాంకులో లెక్కలు చూస్తున్నవాణ్ణి. లెక్క కుదరనప్పుడు నవ్వి ఊరుకోకూడదని మాత్రం నాకు తెలుసు.

మొదట ఆ భాగం సంగతి చెప్పాలి. 'స్టార్ ట్రెక్' అనే ధారావాహిక అమెరికా టి.వి.లో 1966 సెప్టెంబరులో మొదలైంది. ఎంటర్‌ప్రైజ్ అనే నౌక నక్షత్రాల మధ్య తిరుగుతూ కొత్త లోకాలనూ కొత్త జీవులనూ కలుసుకోవడం దాని ఇతివృత్తం. దాని శాఖలు ఇప్పటికి చాలా వచ్చాయి. అందులో 'స్ట్రేంజ్ న్యూ వరల్డ్స్' ఒకటి. దాని రెండవ వరుసలో తొమ్మిదవ భాగం 'సబ్‌స్పేస్ రాప్సొడీ' 2023 ఆగస్టు 3న వెలువడింది. అంతవరకూ అక్కడక్కడా ఒకరో ఇద్దరో పాడటం ఉన్నా, కథ మొత్తాన్ని పాటల మీద నడిపిన భాగం ఆ ధారావాహిక చరిత్రలో ఇదే మొదటిది. లెటర్స్ టు క్లియో అనే రాక్ బృందానికి చెందిన కే హాన్లీ, టామ్ పోల్స్ పాటలు కట్టారు. మొత్తం తొమ్మిది పాటలు. 2024లో హ్యూగో పురస్కారానికి తుది జాబితాలో నిలిచింది. దాన్ని నాకు చూపించింది మా అమ్మాయి.

కథ క్లుప్తంగా ఇది. శూన్యంలో సహజంగా ఏర్పడిన ఒక మడత ఈ నౌకకు ఎదురవుతుంది. దాని గుండా సందేశాలు పంపితే ఇప్పటికంటే ఎంతో వేగంగా పోతాయేమోనని స్పాక్, ఉహూరా ప్రయత్నిస్తుంటారు. స్పాక్ సగం వల్కన్ జాతివాడు, తర్కమే జీవితమనుకునేవాడు. ఉహూరా నౌకలో వార్తాసంబంధాల అధికారిణి, బహుభాషావేత్త. ఎన్ని విధాల ప్రయత్నించినా మడత నుంచి ఉలుకూ పలుకూ లేదు. అప్పుడు పీలియా అనే ముసలి ఇంజనీరు, సంగీతం పంపి చూడరాదా అంటుంది. ఉహూరా ఒక పాత పాట పంపుతుంది. 1934లో కోల్ పోర్టర్ కట్టిన సంగీత నాటకం 'ఎనీథింగ్ గోస్' లోది ఆ పాట. దానికి జవాబుగా మడత నుంచి ఒక తరంగం వచ్చి నౌకను తాకుతుంది. అంతే, నౌకలో అందరూ మాట్లాడబోయి పాడటం మొదలుపెడతారు. ఆపుకోలేరు. ఎక్కడి నుంచో వాద్యాలు కూడా తోడవుతాయి.

ఇంతవరకూ తమాషాయే. తరువాతే అసలు సంగతి. పాడటం మొదలుపెట్టిన మనిషి గుండెలో దాచుకున్నది దాచుకోలేకపోతాడు. కెప్టెన్ పైక్ తన స్నేహితురాలితో సెలవుల ప్రయాణం గురించి ఏదో సాకు చెప్పబోయి, నౌకాసిబ్బంది అందరి ఎదుటా అసలు భయాన్ని పాటలో కక్కేస్తాడు. భద్రతాధికారిణి లాన్ ఇది చూసి అందరికంటే ఎక్కువగా భయపడుతుంది. పాట రహస్యాలను బయటపెడుతున్నది కనుక భద్రతకు ముప్పు అంటుంది. నిజానికి ఆమె భయం తన రహస్యం గురించి. నర్సు క్రిస్టీన్ ఛాపెల్‌కు తాను కోరుకున్న అవకాశం దొరికింది, ఆమె నౌక విడిచి వెళ్ళాలి. ఆ వార్త స్పాక్‌కు నెమ్మదిగా చెప్పవలసింది. ఆమె పాటలో అదంతా సంబరంగా, పదిమందిలో బయటపడిపోతుంది. ఆమె ఆనందంలో తనకు చోటు లేదని స్పాక్ ఆ పాటలోనే తెలుసుకుంటాడు.

ఈ భాగం మీద వచ్చే ఆక్షేపణలు రెండు రకాలు. మొదటిది శాస్త్రం అభిమానించే కుర్రవాళ్ళది. "ఇందులో సైన్స్ ఎక్కడుంది? తరంగం తగిలితే మనుషులు పాడతారా? వాద్యాలు ఎక్కడి నుంచి వస్తాయి?" అని. వాళ్ళను నేనొకటి అడుగుతాను. మనిషిని రేణువులుగా విడగొట్టి మరో గ్రహం మీద దింపే యంత్రాన్ని ఇదే ధారావాహిక 1966 నుంచీ చూపిస్తున్నది. అందులో సైన్స్ ఎంత ఉంది? ప్రతి వారమూ నౌకను గ్రహం మీద దింపుతున్నట్టు చూపాలంటే ఖర్చు తట్టుకోలేక నిర్మాతలు కనిపెట్టిన ఉపాయం అది. బడ్జెట్ కోసం పుట్టిన యంత్రాన్ని శాస్త్రమని ఒప్పుకున్నవారు, కథ కోసం పుట్టిన తరంగాన్ని అశాస్త్రీయమనడంలో న్యాయం లేదు.

నా దృష్టిలో ఇటువంటి కథల్లో శాస్త్రం అంటే ఒక నియమం పెట్టుకుని దానికి చివరిదాకా కట్టుబడి ఉండటం. ఈ భాగం ఆ పని చేసింది. పాటలు ఎప్పుడు వస్తున్నాయి, ఎవరికి వస్తున్నాయి అన్నది ఉహూరా గమనిస్తుంది, లెక్కలు తీస్తుంది. మాటకు అందనంతగా మనసు నిండినప్పుడు పాట వస్తున్నదని తెలుసుకుంటుంది. తాము మొదట పంపింది సంగీత నాటకంలోని పాట కనుక, తాము చిక్కుకున్న లోకం సంగీత నాటకపు నియమాల ప్రకారమే నడుస్తున్నదని ఊహిస్తుంది. ఆ నాటకాల్లో చివర అందరూ కలిసి ఒక పెద్ద పాట పాడతారు. కనుక అటువంటి పాటతోనే ఈ చిక్కు విడిపోతుందని నిర్ణయానికి వస్తుంది. గమనించడం, నియమం ఊహించడం, ప్రయోగం చేసి చూడటం. శాస్త్రమంటే ఇది కాక మరేమిటి?

ఇదేదో ఊహాలోకపు వెర్రి అని కూడా కొట్టిపారేయడానికి వీల్లేదు. 1977లో అమెరికా వారు వాయేజర్ నౌకలు రెండింటిని ఆకాశంలోకి పంపినప్పుడు, వాటిలో బంగారు పూత పూసిన గ్రామఫోన్ రికార్డులు పెట్టారు. ఎప్పుడో ఎవరో ఎదురుపడి వింటారేమోనని. కార్ల్ సేగన్ అధ్యక్షతన ఏర్పడిన సంఘం అందులో ఏమేమి ఉండాలో ఎంపిక చేసింది. యాభై అయిదు భాషల్లో పలకరింపులు పెట్టారు. వాటిలో మన తెలుగు ఉంది. మన పాఠకులు నివసించే రాష్ట్రాల భాషల్లో కన్నడం, మరాఠీ, ఒరియా కూడా ఉన్నాయి. ఒక్కొక్క పలకరింపు కొద్ది క్షణాలే. సంగీతం మాత్రం గంటన్నర. అందులో మన కేసర్‌బాయి కేర్కర్ పాడిన భైరవి రాగం ఒకటి. ఎదుటివాడి భాష ఏమిటో తెలియనప్పుడు, మాట కంటే పాటనే ఎక్కువగా నమ్ముకున్నారు నిజమైన శాస్త్రజ్ఞులు. టి.వి.లో ఆ ముసలి ఇంజనీరు చెప్పిందీ అదే.

రెండవ ఆక్షేపణ మా పెద్దాయనది. నాటకంలో పాట వెనుకబాటుతనం అన్నది ఆయన వాదం. దీనికి జవాబు చెప్పాలంటే మా ఊరి చరిత్రలోకే పోవాలి. ఆంధ్ర నాటక పితామహుడని పేరు పొందిన ధర్మవరం రామకృష్ణమాచార్యులు గారు మా బళ్ళారిలో వకీలు. 1886లో ఇక్కడ సరస వినోదినీ సభ స్థాపించి, పద్యాలతో పాటలతో తెలుగు నాటకాలు రాసి ఆడించారు. నటుడు బళ్ళారి రాఘవ ఆయనకు స్వయానా మేనల్లుడు. రంగస్థలం మీద పద్యాన్ని రాగాలతో సాగదీయడం రాఘవ గారికి గిట్టదు. మేనమామ పెంచిన పాటను మేనల్లుడు తగ్గించాడు. మా పెద్దాయన రాఘవ గారి పక్షమని చెప్పుకుంటారు.

కానీ రాఘవ గారు కాదన్నది దేన్ని? పద్యాన్ని కాదు. పద్యంలో ఉన్న దుఃఖాన్ని మరచిపోయి గొంతు విన్యాసం చూపడాన్ని. వన్స్‌మోర్ అనగానే చచ్చిపడిన పాత్ర లేచి కూర్చుని మళ్ళీ పాడి మళ్ళీ చావడాన్ని. పాత్రకూ పాటకూ సంబంధం తెగిపోవడాన్ని. ఆ కొలమానంతోనే ఈ టి.వి. భాగాన్ని కొలవండి. ఇందులో ఏ పాటనైనా తీసేయండి, కథ ఆగిపోతుంది. లాన్ రహస్యం బయటపడదు, స్పాక్ సంబంధం తెగదు, ఉహూరాకు చిక్కు విడదు. పాట దగ్గర కథ ఆగకుండా పాటతోనే ముందుకు నడిచే నాటకాన్ని రాఘవ గారు చూసి ఉంటే కోప్పడి ఉండేవారని నేననుకోను. మన సినిమాల్లో నాయికా నాయకులు కథను బళ్ళారిలో వదిలేసి పాట కోసం స్విట్జర్లాండ్ పోతారే, ఆ పాట మీద ఎంత కోప్పడినా నేను కాదనను. పెద్దాయన ఆ రెంటినీ ఒకే గాటన కట్టారు. నా అభ్యంతరం అక్కడే.

బ్యాంకులో సస్పెన్స్ ఖాతా అని ఒకటి ఉంటుంది. ఏ పద్దు కింద రాయాలో తెలియని మొత్తాన్ని తాత్కాలికంగా అందులో వేస్తాం. అందులో ఎక్కువ కాలం ఉంచకూడదు. తనిఖీకి వచ్చినవాడు ముందుగా అడిగేది దాని గురించే. మనుషులకూ అటువంటి ఖాతా ఉంటుంది. ఎవరితో చెప్పాలో, ఎట్లా చెప్పాలో తెలియనిదంతా అందులో వేసి ఏళ్ళ తరబడి మోస్తుంటారు. లాన్ కథ అదే. వేరొక కాలరేఖలో తాను ప్రేమించిన కిర్క్ ఆమె కళ్ళ ముందే చనిపోయాడు. ఆ సంగతి ఎవరికీ చెప్పకూడదని ఆమెకు ఆజ్ఞ ఉంది. ఈ కాలరేఖలో ఉన్న కిర్క్ ఇప్పుడు అదే నౌకలోకి వచ్చి, ఏమీ తెలియకుండా పలకరిస్తున్నాడు. చివరకు ఆమె ఎవరి ఎదుటో పాటలో బయటపడిపోకముందే తానే వెళ్ళి మామూలు మాటల్లో చెప్పేస్తుంది. అతనికి వేరే సంబంధం ఉందనీ, బిడ్డ పుట్టబోతున్నదనీ జవాబు వస్తుంది. అయినా ఖాతా సరిపోయింది. మిగిలింది శూన్యమే కావచ్చు, కానీ లెక్క తేలింది. పాట వస్తుందన్న భయమే ఆమెను మాట దాకా తీసుకొచ్చింది. ఈ సంగతి మీరు గుర్తుంచుకోవాలని మనవి. నా వాదానికి ఇది ముఖ్యం.

ఇక ఉహూరా. ఈ పాత్రను మొదట ధరించిన నిషెల్ నికోల్స్ 1966లోనే ఆ నౌకలో పాడింది. స్పాక్ తంత్రీవాద్యం వాయిస్తుంటే అతణ్ణే ఆటపట్టిస్తూ పాడుతుంది. స్వాహిలీలో స్వేచ్ఛ అనే అర్థం ఇచ్చే మాట నుంచి ఆ పేరు వచ్చింది. ఇప్పుడు ఆ పాత్ర ధరించిన సీలియా రోజ్ గూడింగ్ న్యూయార్క్ రంగస్థలం నుంచి వచ్చిన గాయని. ఈ కొత్త కథలో ఉహూరా కెన్యాలో పుట్టింది. ముప్పై ఏడు భాషలు వచ్చు. తల్లిదండ్రులూ అన్నా ఒకే ప్రమాదంలో పోయారు. 2022లో వచ్చిన ఒక భాగంలో తోకచుక్కతో సైతం కూనిరాగం తీసి సంభాషిస్తుంది. అందరి మాటలూ అందరికీ చేర్చడం ఆమె ఉద్యోగం. తన మాట చేర్చుకోవడానికి ఇంట్లో ఎవరూ లేరు. ఈ భాగంలో ఆమె పాడే పాట ఆ ఒంటరితనం గురించే మొదలై, ఇదే నా పని, దీన్ని నేను చేయగలను అనే నమ్మకంతో ముగుస్తుంది.

ఆ పాట వచ్చినప్పుడు మా అమ్మాయి నా వైపు చూడకుండా, "నాన్నా, ఆమెకు ముప్పై ఏడు భాషలు వచ్చినా ఎవరూ ఎక్కిరించరు. నాకు మూడు వచ్చినందుకే మీ సంఘంలో ఎక్కిరిస్తారు" అన్నది. నేను జవాబు చెప్పలేకపోయాను. మా అమ్మాయి తెలుగులో కన్నడం కలుస్తుంది. కలవకుండా ఎట్లా ఉంటుంది? 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు అటు పోయాయి, బళ్ళారి మైసూరు రాష్ట్రంలోకి వచ్చింది. అప్పటి నుంచి ఇక్కడి పిల్లలు బడిలో కన్నడం చదువుతున్నారు, చదవాలి కూడా. ఇంట్లో తెలుగు, వీధిలో రెండూ, ఉద్యోగానికి ఇంగ్లీషు. ఆ పిల్ల సంఘం సమావేశానికి వచ్చి నోరు తెరిస్తే, ఎవరో ఒక పెద్దమనిషి ఆ మాట తెలుగు కాదమ్మా అని దిద్దుతాడు. రెండుసార్లు దిద్దించుకున్న పిల్ల మూడోసారి నోరు తెరవదు. మన పిల్లలకు తెలుగు రాదని మనం అంటున్నదాంట్లో సగం, మన ఎదుట వాళ్ళు మాట్లాడకపోవడమే.

అదే పిల్ల పాట పాడితే ఎవరూ దిద్దరు. పాటలో మాటలు కుదురుగా అమరి ఉంటాయి, స్వరం వాటిని పట్టుకుని నడిపిస్తుంది. ప్రత్యయాలు, ఒత్తులు, దీర్ఘాలు వాటంతట అవే నాలుకకు పడతాయి. మాటకు సిగ్గుపడే పిల్ల పాటకు సిగ్గుపడదు. కిందటి ఉగాదికి మా వీధిలోని ఎనిమిదో తరగతి అమ్మాయి వాళ్ళ అవ్వ దగ్గర నేర్చుకున్న జోలపాట పాడింది. కాగితం మీద కన్నడ అక్షరాలే. పాట అచ్చంగా తెలుగు. మా బళ్ళారి యాసతో సహా తెలుగు. దిగి వస్తుంటే ఒకాయన ఆ కాగితం తీసుకుని చూసి, "రాయను రానోళ్ళకు పాడేదెందుకు పాపా?" అన్నారు. ఈ సంవత్సరం ఆ అమ్మాయి పేరు ఇవ్వలేదు. ఇక తీర్మానం కూడా వచ్చింది కనుక ఇవ్వనక్కరలేదు.

కన్నడ అక్షరాల్లో రాస్తే తెలుగు కాకుండా పోతుందనే వాదం ఎంతవరకు నిలుస్తుందో చూద్దాం. ప్రతి సంవత్సరం పుష్య బహుళ పంచమి నాడు తిరువయ్యారులో త్యాగరాజ ఆరాధన జరుగుతుంది. వందల గొంతులు కలిసి పంచరత్న కీర్తనలు పాడతాయి. అయిదింటిలో ఒకటి సంస్కృతం, నాలుగు తెలుగు. అక్కడ పాడేవారిలో ఎందరో తమిళ లిపిలో అచ్చయిన పుస్తకాలు చూసి నేర్చుకున్నవారే. తంజావూరు దగ్గర మెలట్టూరులో నరసింహ జయంతికి భాగవత మేళం ఆడతారు. నాటకం తెలుగు, ఆడేవారి ఇంటి భాష తమిళం. 1885లో కడప జిల్లాలో మొదలైన సురభి నాటక కుటుంబాల వారి పూర్వులు మరాఠీ మాట్లాడే నేల నుంచి వచ్చినవారు. లిపి పరీక్ష పెట్టి ఉంటే వీరిలో ఎందరు లోపలికి వచ్చేవారు? ఎందరు బయట నిలబడేవారు? తమిళ దేశంలో మాట్లాడే తెలుగు వీధి వీధికీ తగ్గిపోతూ వచ్చింది, పాడే తెలుగు మాత్రం మిగిలింది. అక్కడి మన పాఠకులకు నేను ఈ సంగతి చెప్పవలసిన పని లేదు.

పాట ఒక్కటి చాలునని నేననడం లేదు. అట్లా అంటే నేనే తప్పు లెక్క చెప్పినవాణ్ణవుతాను. అర్థం తెలియకుండా కీర్తన పాడే గొంతులు ఉన్నాయి, వాటితో భాష బతకదు. ఈ టి.వి. కథలోనూ పాట పంపగానే మేలు జరగలేదు, చిక్కే వచ్చింది. ఎదుటివైపు నుంచి ఏమి తిరిగి వచ్చిందో ఉహూరా కూర్చుని విని, అర్థం చేసుకున్న తరువాతే దారి దొరికింది. కానీ వినడానికి ముందు ఏదో ఒకటి తిరిగి రావాలి కదా! మాటలు పంపినంతసేపూ ఆ మడత పలకలేదు. మన పిల్లలూ అంతే.

ఈ భాగంలో లోపాలు లేవని కూడా నేననను. యుద్ధప్రియులైన క్లింగాన్లు కుర్రకారు పాప్ బృందంలాగా గంతులు వేయడం చౌకబారు హాస్యం. చివరి పాట భావం మనమంతా ఒక్కటే అన్నది. అది మా సంఘం వార్షికోత్సవంలో ముఖ్య అతిథి ప్రసంగం లాగా ఉంటుంది. కొన్ని పాటల బాణీలు ఒకదానికొకటి దగ్గరగా ఉన్నాయి. అయినా ఆ చివరి ఘట్టంలో నాకు నచ్చిన సంగతి ఒకటుంది. ఆ మడతను పేల్చివేయాలని క్లింగాన్లు వస్తారు. పేల్చితే రెండు పక్షాలకూ నష్టం. చిక్కు విడాలంటే ఎంటర్‌ప్రైజ్ నౌకలో ఉన్న ప్రతి ఒక్కరూ గొంతు కలపాలి, శత్రువు కూడా కలపాలి. పాడటం వచ్చినవారే పాడాలని ఎవరూ షరతు పెట్టలేదు. పెట్టి ఉంటే కావలసిన బలం చేరేది కాదు.

ఇప్పుడు మా సంఘానికి నా మనవి మూడు మాటల్లో చెబుతాను. మొదటిది, లిపి షరతు రద్దు చేయాలి. పిల్లలు కన్నడ అక్షరాల్లో రాసుకున్నా, ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకున్నా, అసలు రాసుకోకపోయినా పాడనివ్వాలి. రెండవది, పాట అయిన తరువాత ఆ పాటలో ఏముందో తమ సొంత మాటల్లో నాలుగు వాక్యాలు చెప్పమనాలి. ఆ నాలుగు వాక్యాల్లో ఎంత కన్నడం కలిసినా వేదిక కింద నుంచి ఎవరూ దిద్దకూడదు. ఆ అమెరికా కథలో పాట భయమే లాన్‌ను మాట దాకా తెచ్చింది. మన పిల్లలను పాట మీది ఇష్టమే మాట దాకా తీసుకురావచ్చు. మూడవది, పోటీకి వచ్చిన పిల్లలకు ఉగాది తరువాత వేసవి సెలవుల్లో అక్షరాలు నేర్పుదాం. తెలుగు, కన్నడ లిపులు ఒక తల్లి బిడ్డలు. కన్నడం చదివే పిల్లకు తెలుగు అక్షరాలు పట్టుబడటానికి ఎక్కువ రోజులు పట్టవు. ఇన్నాళ్ళూ ఎందుకు నేర్చుకోలేదని అడగడం కంటే, తాను పాడిన పాటనే తెలుగు అక్షరాల్లో చదివించడం తేలిక. ఖర్చు సంగతి కోశాధికారిగా నేను చూసుకుంటాను. పలకలకూ పుస్తకాలకూ మా సంఘం దగ్గర డబ్బు ఉంది.

పెద్దాయన మీద నాకు కోపం లేదు. ఆయన ఇంట్లో పూర్వులు అచ్చువేయించిన నాటక పుస్తకాలు ఉన్నాయి. ఇప్పటికీ ఏ పద్యం మొదటి మాట అందించినా ఆయన గుక్క తిప్పుకోకుండా మిగతాది చదువుతారు, కాదు, పాడతారు. కళ్ళు మూసుకుని, చెయ్యి గాలిలో ఆడిస్తూ పాడతారు. ఆయన తెలుగు ఆయనకు అట్లాగే వచ్చింది, వాళ్ళ నాయనగారు నాటకాలకు వెంటబెట్టుకుపోతే విని వచ్చింది. తనకు అక్షరాలు రాకముందు ఎన్ని పద్యాలు వచ్చి ఉండెనో ఆయనే ఒక్కసారి గుర్తు చేసుకోవాలని నా ప్రార్థన.

వచ్చే నెల మొదటి ఆదివారం మా సమావేశం ఉంది. ఆ తీర్మానం మీద నా సంతకం ఉపసంహరించుకుంటున్నానని అక్కడ చెబుతాను. ఏకగ్రీవం అనే మాట కొట్టివేసి, నా పేరుతో అసమ్మతి రాయమని కోరతాను. ఈ వ్యాసం ఒక ప్రతి మినిట్స్ పుస్తకానికి జత చేయమంటాను. హోసూరు, బరంపురం, షోలాపూర్, యానాం వంటి చోట్ల మన సంఘాల్లో ఇటువంటి షరతు ఎక్కడైనా ఉంటే, అక్కడి కోశాధికారులు, కార్యదర్శులు కూడా ఒకసారి ఆలోచించవలసిందిగా కోరుతున్నాను. ఆ ఎనిమిదో తరగతి అమ్మాయి ఇంటికి రేపు వెళుతున్నాను. పాట పూర్తిగా వినిపించమని అడగాలి. కిందటిసారి సగం వినేలోపే ఎవరో టీ తెచ్చారు.